మాగ్మాకు రెండు మార్కులు

సోమసుందరం మేష్టారికి రెండు విషయాల్లో ఏనాడూ అనుమానం లేదు. ఒకటి, నర్సీపట్నంలో సోషల్ చెప్పడంలో తనను మించినవాడు లేడని. రెండు, తన నోట్సు ఉండగా పాఠ్యపుస్తకం దండగని. ట్రైనింగు రోజుల్లో రాసుకున్న ఆ నోటుబుక్కుకి అట్ట మూడుసార్లు మారింది గానీ లోపల అక్షరం మారలేదు. క్లాసులో అడుగు పెట్టగానే కళ్లజోడు సర్దుకుని, "బేగి రాసుకోండి, రెండోసారి చెప్పను" అనేవారు. ఇరవై రెండేళ్లలో ఒక్క వాక్యమూ రెండోసారి చెప్పలేదు.

1979 ఫిబ్రవరిలో పదో తరగతి ప్రీఫైనల్ సోషల్ పేపర్లు ఆయనే దిద్దారు. హెడ్మాస్టరు యాజులుగారు ఆ ఏడు కొత్త రూలు పెట్టారు. ఏ ఒక్క సబ్జెక్టు తప్పినా పబ్లిక్ పరీక్షకు పంపేది లేదు. ఆ రూలుకి చిక్కింది ఒక్కతే, కొయ్యూరు దగ్గర కొండ ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న సీతాలు. సోషల్లో ముప్ఫై మూడు. ఇంకో రెండు మార్కులొస్తే గట్టెక్కేది.

మార్కులు చెప్పిన మూడో రోజు మధ్యాహ్నం సీతాలు తండ్రి సూరన్న కూతుర్ని వెంటబెట్టుకుని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు.

"పిల్లని తీసుకెల్పోదామని వొచ్చినానండి బాబూ. పరీచ్చకి పంపరంట గదా, ఇంక హాస్టల్లో ఏటి సేస్తాది? అడ్డాకులు కోసి ఇస్తర్లు కుట్టే పనుంది. సంబంధం కూడా ఒకటి వొచ్చింది. టీసీ ఇప్పించండి."

మేష్టారికి జాలేసింది. అయితే జాలిపడి మార్కులు వేసే రకం కాదాయన.

"నేనేం చేసేదయ్యా సూరన్నా? మాగ్మాకీ లావాకీ తేడా ఏమిటని అడిగాను. నలభై ఒక్కమంది ఒకేలా రాశారు. నీ కూతురొక్కతే తిరగేసి రాసింది. అక్కడే పోయాయి ఆ రెండు మార్కులూ."

సీతాలు తలెత్తింది. "తిరగెయ్యలేదండి" అంది, గొంతు పెంచకుండా. "మీరు నోట్సు సెప్పినప్పుడు నాకు సలిజొరం, ఇంటికాడున్నానండి. హాస్టలోల్లిచ్చిన పుస్తకం సదివి రాసినాను."

"పుస్తకమైనా అదే చెబుతుంది. ఇలా తే."

పుస్తకం చూపించే బుద్ధి చెబుదామని ఆయన ఉద్దేశం. సీతాలు పేజీ తీసి ఇచ్చింది. రూములో అందరికీ వినబడేలా ఆయన మొదలుపెట్టారు. "భూమి లోపల కరిగి ఉన్న శిలాపదార్థమే మాగ్మా. అదే పదార్థం పగుళ్లగుండా పైకి వచ్చి ప్రవహిస్తే..." చివరి మాట లావా. ఆయన దాన్ని పైకి చదవలేదు. గబగబా సొరుగు లాగి తన నోట్సు తీశారు. లావా, భూమి లోపల ఉండునది. మాగ్మా, పైకి ఉబికి వచ్చునది. కింద రెండేసి గీతలు కూడా ఉన్నాయి. ట్రైనింగులో ఆ పాఠం చెప్పినాయనా రెండోసారి చెప్పే మనిషి కాదు. అంతే, అటుదిటు పడిపోయింది.

"ఏటయ్యిందండి బాబూ?" అన్నాడు సూరన్న.

పుస్తకం మూసేస్తే అడిగేవాడు లేడు. కానీ ఇరవై రెండేళ్లుగా తన పిల్లలు ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా పబ్లిక్ పరీక్షలో ఇదే రాసి ఉంటారు. ఎక్కడో ఎవరో సున్నా వేసి ఉంటారు. ఆ పిల్లల్లో ఎందరు రెండు మార్కుల్లో ఆగిపోయారో! మేష్టారికి తల కొట్టేసినట్టయింది. అంత సిగ్గు ఆయన జన్మలో ఎరగరు.

సీతాలు రాసిన పేపరు బయటికి తీసి, సున్నా కొట్టేసి, రెండు వేశారు. మొదటి పేజీలో ముప్ఫై అయిదు రాసి పక్కన సంతకం పెట్టారు. మిగతా నలభై ఒక్కరి మార్కులు ముట్టుకోలేదు. తప్పు రాసింది వాళ్లే గానీ రాయించింది తను.

"టీసీ లేదు సూరన్నా. నీ కూతురు పరీక్ష రాస్తుంది. యాజులుగారికి నేను చెప్పుకుంటాను. ఆ సంబంధం వాళ్లని ఆగమను. ఆగకపోతే పొమ్మను."

బెల్లు కొట్టారు. మేష్టారు నోటుబుక్కు పట్టుకుని పదో తరగతిలోకి నడిచారు, సీతాలు వెనకే వచ్చింది. సూరన్న వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"మాగ్మా, లావా. నేను చెప్పింది తప్పు, కొట్టెయ్యండి" అన్నారు మేష్టారు. గొంతులో ఎప్పటి ధీమాయే. "సరైంది రాసుకోండి. సీతాలు చెబుతుంది."

వెళ్లి సీతాలు చోట్లో, బెంచీ మీద కూర్చుని నోటుబుక్కు తెరిచారు. సీతాలు కిటికీవైపు ఒకసారి చూసింది. తర్వాత ఆపకుండా చెప్పుకుపోయింది. లోపలున్నంతసేపూ మాగ్మా, దాన్లో వాయువులు కలిసి ఉంటాయి, కుండ మూత తీస్తే ఆవిరి పోయినట్టు పైకొచ్చాక అవి పోతాయి, అప్పుడది లావా. నలభై ఒక్క కలాలు పరిగెత్తాయి. పాత గీతలు కొట్టేసుకుంటూ రాస్తున్న మేష్టారి కలం ఒక్కటే వెనకబడింది.

"కాస్త ఆగమ్మా" అన్నారాయన, తలెత్తకుండానే. "రెండోసారి చెప్పు."