మెడలో అట్టముక్క

పొద్దున్నే అన్నం బల్ల చుట్టూ కూర్చున్న ఆ కుటుంబాన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, ఎండుచేప, పక్కన నంజుకోవడానికి పచ్చిమిరప. తండ్రి రెనాటో జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి నడుపుతాడు. తల్లి ఫెలీ బట్టలు కుడుతుంది. కూతురు రోసెల్ ముద్దకూ ముద్దకూ మధ్య ఒక ఇంగ్లీషు మాట, దాని అర్థం, అది ఏ భాషలో పుట్టిందో వల్లిస్తోంది. బల్ల చివర నానమ్మ ఇస్కా కూర్చుంది. మనవరాలే కాదు, వీధి వీధంతా ఆమెను లోలా, అంటే నానమ్మ, అనే పిలుస్తుంది. ఆమె మెడలో దారానికి ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద "నేను ఇంగ్లీషే మాట్లాడతాను" అని ఇంగ్లీషులో రాసి ఉంది.

లోలాకు ఇంగ్లీషు రాదు.

అది బడి నుంచి ఇంటికి వచ్చిన ఆచారం. రోసెల్ బడిలో ఎవరైనా తమ ఇంటి భాష అయిన తగలోగ్‌లో నోరు జారితే మెడలో చెక్క పలక వేస్తారు. ఆ పిల్ల మరొకరి నోట తగలోగ్ పట్టుకుంటే పలక అటు మారుతుంది. బడి వదిలే వేళకు పలక ఎవరి మెడలో ఉంటే వాళ్లు గది ఊడవాలి. అందుకని ఆటల్లో కూడా పిల్లలు ఒకరి నోటికొకరు కాపలా కాస్తుంటారు.

ప్రావిన్సు స్థాయి ఇంగ్లీషు పదాల పోటీ దగ్గరపడింది. నెగ్గిన పిల్లకు పట్నంలోని పెద్ద బడిలో ఉచితంగా చోటు దొరుకుతుంది. రోసెల్‌ను అక్కడికి పంపడానికి రెనాటోకు వేరే దారి లేదు. పోటీ అయ్యేదాకా ఇంట్లోనూ ఇంగ్లీషే అన్నాడు. అట్టముక్క కత్తిరించి దారం కట్టాడు. మాట జారిన వాళ్లే ఆ పూట అంట్లు తోమాలి.

మొదటి రోజు అదంతా వేడుకగానే ఉంది.

"నా పెళ్లిలో కూడా ఇంత పెద్ద బిళ్ల ఎవరూ వెయ్యలేదురా!" అంది లోలా.

"అమ్మా, మళ్లీ తగలోగే! ఈ పూట అంట్లు నీవే."

"అంట్లు నాకు కొత్తా? నీ పాలగిన్నె దగ్గర్నుంచి నేనే తోముతున్నాగా."

అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ రోసెల్ నవ్వింది.

తరవాత నవ్వులు తగ్గాయి. లోలా చర్చి గుమ్మం దగ్గర పూలదండలు అమ్ముతుంది. తెల్లని మల్లెల దండ కట్టి, చివర ఒక పసుపుపచ్చని ఇలాంగ్-ఇలాంగ్ పువ్వు వేలాడదీస్తుంది. సాయంత్రాలు ఆ పువ్వులు అందిస్తూ కబుర్లాడటం రోసెల్‌కు అలవాటు. ఇప్పుడు లోలాకు తగలోగ్‌లో జవాబిస్తే అట్టముక్క తన మెడకు వస్తుంది. అందుకని తల ఊపి ఊరుకోవడం నేర్చుకుంది. కొన్నాళ్లకు ఆ దగ్గర కూర్చోవడమే మానేసింది.

జపమాల ప్రార్థన కూడా ఇంగ్లీషులోకి మారింది. లోలా పూసలు తిప్పుతుంది, పెదాలు కదలవు. దేవుడికి ఏ భాషలో మొరపెట్టుకుంటే వినిపిస్తుందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

"రెనాటో, అత్తమ్మ నిన్నట్నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. నాకెందుకో భయంగా ఉంది," అంది ఫెలీ.

"పోటీ కానీ, ఓపిక పట్టు. అమ్మకేం, గట్టి మనిషి."

రోసెల్‌కు అన్నం సహించడం లేదు. పడుకున్నా పెదాలు కదులుతూనే ఉంటాయి. బడిలో టీచరు ధైర్యం చెప్పింది: "మాట పుట్టుక తెలియకపోతే లాటిన్ అనో, ఫ్రెంచ్ అనో చెప్పెయ్. చాలాసార్లు సరిపోతుంది."

పోటీ రోజున, బయటివాళ్లు చూస్తే బాగుండదని అట్టముక్కను ఇంట్లోనే మేకుకు తగిలించారు. అయినా దారిపొడవునా లోలా నోరు విప్పలేదు. మనవరాలికి వెయ్యడానికి ఒక దండ మాత్రం చేతిలో పట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

ఒక్కొక్కరే ఓడిపోయి దిగిపోగా వేదిక మీద రోసెల్, మరో అబ్బాయి మిగిలారు. న్యాయనిర్ణేత మిసెస్ అల్కాంతారా జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ. ఆమె రోసెల్ వైపు తిరిగి తరవాతి మాట చదివింది.

"ఇలాంగ్-ఇలాంగ్."

"సువాసన ఉన్న పసుపు పువ్వులు పూసే చెట్టు. ఆ పూల నుంచి అత్తరు తీస్తారు," అంది రోసెల్.

"అర్థం సరిపోయింది. ఏ భాషలో పుట్టింది?"

రోసెల్ చూపు లోలా చేతిలోని దండ మీద పడింది. దాని చివర ఆ పువ్వే ఊగుతోంది. జవాబు గొంతు దాకా వచ్చింది. చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్లి, లేని పలకను తడుముకుంది.

"ఫ్రెంచ్," అంది.

గంట మోగింది. తప్పు. అబ్బాయి తన మాటకు సరైన జవాబు చెప్పి నెగ్గాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"అమ్మాయీ, ఆ మాట నీకు ముందే తెలియదా?" పెద్దావిడ మెల్లగా అడిగింది.

"తెలుసు మేడమ్. మా లోలా రోజూ దండకు కడుతుంది."

"మరి మన తగలోగ్ మాటేనని ఎందుకు చెప్పలేదు?"

"మన మాటలు ఇక్కడ అనకూడదు కదా మేడమ్. పలక వేస్తారు."

వెనక నవ్వు ఆగిపోయింది. రెనాటో తల దించుకున్నాడు.

పెద్దావిడ లేచి నిలబడింది. "ఫలితం నేను మార్చలేను. తప్పు జవాబు తప్పే. కానీ ఆ తప్పు నేర్పింది మనం. ఎక్కడో ఉన్నవాళ్లు మన పువ్వుతోపాటు మన పేరును కూడా తీసుకెళ్లి తమ నిఘంటువులో చోటిచ్చారు. మనమేమో ఆ పేరు పలికే నోళ్లకు శిక్ష వేస్తున్నాం. నేనూ వేశాను. పలక కట్టిన చేతుల్లో నా ఈ చేతులూ ఉన్నాయి."

ఆ సాయంత్రం దేవుడి పటం ముందు దీపం వెలిగించి అందరూ కూర్చున్నారు.

"అమ్మా, ప్రార్థన నువ్వు మొదలుపెట్టు. మన మాటల్లోనే," అన్నాడు రెనాటో.

లోలా మేకుకు వేలాడుతున్న అట్టముక్క వైపు చూసింది. పెదవి విప్పలేదు. ఆ గొంతు ఇక తిరిగి రాదేమోనని ఫెలీ కళ్లు తుడుచుకుంది.

రోసెల్ లేచింది. అట్టముక్క తీసి తన మెడలో వేసుకుంది.

"లోలా, నువ్వు మాట్లాడు. అంట్లు నేను తోముతా."

లోలా మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"నువ్వు తోమితే జిడ్డు వదలదే పిల్లా," అంది, బొంగురుపోయిన గొంతుతో. "ఇద్దరం తోముదాంలే."

అట్టముక్క ఆమే తీసేసింది. తరవాత పూసలు చేతికి తీసుకుని, తన అమ్మ నేర్పిన మాటల్లో ప్రార్థన మొదలుపెట్టింది.

చదువుకునే బిడ్డలున్న తల్లిదండ్రులారా, పిల్లలకు ఎన్ని భాషలైనా నేర్పండి. ఏ భాష నేర్పినా, ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడే మాటంటే భయపడటం మాత్రం నేర్పకండి.