యశస్వినికి జలుబు చేయదు

ఆ ఏడాది వాసంతికి నాలుగోసారి జ్వరం వచ్చింది, అదీ సరిగ్గా క్లయింట్‌కు ప్రజెంటేషన్ ఇవ్వాల్సిన రోజే. ఆమె తయారుచేసిన స్లైడ్లను పక్క సీటు యశస్విని చూపించింది. మేనేజర్ రామబ్రహ్మం మెయిల్లో యశస్వినినే మెచ్చుకున్నాడు.

వాసంతికి కడుపు మండిపోయింది. మాదాపూర్ ఆఫీసులో ఇద్దరూ ఒకే ఏసీ కింద కూర్చుంటారు. యశస్విని వానలో తడుస్తుంది, ఐస్‌క్రీం తింటుంది, ఒక్క తుమ్మూ తుమ్మదు. వాసంతి కషాయాలు తాగినా, ఫ్లూ టీకా వేయించుకున్నా, ఎవరు దగ్గితే వాళ్ల జబ్బు ఆమెకే అంటుకుంటుంది. ఈ యశస్వినికి ఒక్కసారైనా ముక్కు కారితే బాగుండునని కోరుకుని, తర్వాత సిగ్గుపడింది.

ఒక మధ్యాహ్నం శేరిలింగంపల్లి నుంచి ఇద్దరూ క్యాబ్‌లో వస్తుంటే వాసంతికి కునుకు పట్టింది. ఎవరో కుదిపితే కళ్లు తెరిచింది. యశస్విని చేతిలో ఫోన్ తన మొహం వైపే ఉంది.

"నా గురక వీడియో తీస్తున్నావా? అందరికీ చూపించి నవ్వుకోవడానికా?"

"గురక గాదక్కా, జర ఇను."

వీడియోలో గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. ఛాతీ కదులుతోంది, గాలి మాత్రం ఆడడం లేదు. చాలాసేపటికి ఉక్కిరిబిక్కిరై ఊపిరి పీల్చుకుంది.

"మా నాయనకు గిట్లనే ఉండె. దవాఖానల చూపిచ్చుకో."

పరీక్షలో, నిద్రలో గంటకు ముప్ఫైసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది.

"గురక మగవాళ్ల జబ్బనుకున్నానండీ" అంది వాసంతి.

"చాలామంది ఆడవాళ్లు అలాగే అనుకుని ఆలస్యంగా వస్తారు" అంది డాక్టర్ భవాని. "ఊపిరి ఆగి ఆక్సిజన్ పడిపోయినప్పుడల్లా ఒళ్లు ప్రమాదం వచ్చిందనుకుంటుంది. లోపల వాపు రాజుకుంటూనే ఉంటుంది. దాంతో నిజంగా వైరస్ వచ్చినప్పుడు రోగనిరోధక శక్తి సరిగ్గా పనిచేయకపోవచ్చు. మీ జ్వరాలన్నిటికీ ఇదొక్కటే కారణమని చెప్పలేను. ముందు నిద్ర బాగుపడాలి."

పడుకునేటప్పుడు ముక్కుకు మాస్కు, దానికి గాలి పంపే యంత్రం పెట్టుకోమన్నారు. మొదటి వారం విసిరికొట్టింది, తర్వాత అలవాటు పడింది. పొద్దున్నే వచ్చే తలనొప్పి పోయింది. వానాకాలమంతా ఒక్కసారే జలుబు చేసింది.

టీమ్ లీడ్ పదవి మాత్రం యశస్వినికే వచ్చింది. ఆమె స్వీట్లు పంచుతుంటే వాసంతికి మళ్లీ అదే మంట. ఈసారి జ్వరం మీదికి నెట్టడానికీ లేదు.

"నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ కుళ్లే, యశస్వినీ" అనేసింది.

యశస్విని నవ్వలేదు. "ఎరికే అక్కా. నువ్వు మంచిగైతే ఈ పోస్టు నాకు రాదని నేను గూడ భయపడ్డ. గా వీడియో చూపియ్యాల్నా వద్దా అని ఆలోచించిన."

వాసంతి పక్క కుర్చీ లాగి ఆమెను కూర్చోమంది.