మూతి తిప్పితే ఇస్పేటు రాజు

మా మామగారి మూతి కుడివైపుకి వంకరపోయిన రోజు పొద్దున, మా అత్తగారు చేసిన మొదటి పని ఆయన్ని తిట్టడం.

"కళ్ళు తెరవగానే పేకాటేనా? నా ముందు రాజు సైగలు చేస్తే టీ రాదు. వెళ్ళి మొహం కడుక్కోండి," అంది.

ఆయన వెళ్ళి కడుక్కున్నారు. నీళ్ళు పుక్కిలిస్తే ఎడమవైపు నుంచి కారిపోయాయి. ఎడమ కన్ను మూసుకుందామంటే మూతపడలేదు. అప్పటికి గాని మా ఇంట్లో ఎవరికీ అది సైగ కాదని బుర్రకెక్కలేదు.

ఇలాంటి పొరపాటు లోకంలో ఇంకెవరూ చెయ్యరు. మేం చేశామంటే దానికి కారణం మూగాట.

మూగాట మా మిల్లు చుట్టుపక్కల తప్ప ఎక్కడా ఆడని పేకాట. నలుగురు కూర్చుంటారు, ఎదురెదురు వాళ్ళు జోడీ. పేకలోంచి ఎనిమిదులు, తొమ్మిదులు, పదులు తీసి పక్కన పడేస్తారు. మనిషికి మూడు ముక్కలు. ఇస్పేటు ఆసు అన్నిటికన్నా పెద్దది, దాని తర్వాత ఇస్పేటు రాజు. మూడు పట్లలో రెండు ఎవరికి వస్తే ఆ పంపకం వాళ్ళది, బుట్టలోంచి ఒక ఖాళీ దారపు కండె తీసుకుంటారు. ధైర్యం ఉన్నవాడు వేలిముణుకుతో బల్ల కొడితే రెండు కండెలు. బుట్ట ఖాళీ అయ్యేసరికి ఎవరి ముందు ఎక్కువ కండెలుంటే వాళ్ళు గెలిచినట్టు. ఇదంతా నోరు మెదపకుండా.

నోరు మూసుకోవాలి గాని మొహం మూసుకోనక్కర్లేదు. ఆసు ఉంటే జోడీకి కన్ను కొట్టాలి. రాజు ఉంటే మూతి కుడివైపుకి తిప్పాలి. అంతా చెత్తే వస్తే కప్పు వైపు చూడాలి. చూసినవాడు ముక్కు గోక్కుంటే అర్థమైందని. పక్కవాళ్ళు కనిపెట్టేశారా, అది వాళ్ళ అదృష్టం. ముక్కలతో ఎంత మోసమైనా చెయ్యొచ్చు, ఉత్తినే బల్ల కొట్టి బెదరగొట్టొచ్చు. మొహంతో మాత్రం అబద్ధం ఆడకూడదు. లేని ముక్కకి సైగ చేస్తే ఎదుటి జోడీ "దొంగ సైగ!" అని అరుస్తుంది. ఆట మొత్తంలో అనడానికి వీలున్న మాట అదొక్కటే. అప్పుడు ముక్కలు పరిచి చూపించాలి. అబద్ధమని తేలితే ఆటంతా పోయినట్టే. ఓడిన జోడీ క్లబ్బు గది ఊడ్చి, టీ గ్లాసులు కడగాలి.

ఈ ఆట ఎక్కడ పుట్టిందని అడిగితే ఎవరి కోతలు వాళ్ళు కోస్తారు. రాజుల కాలం నాటి వేగులవాళ్ళ ఆటని ఒకడు, మౌనవ్రతం పట్టిన సన్యాసుల ఆటని ఇంకొకడు. మగాళ్ళు ఇంట్లో నోరు విప్పే ధైర్యం లేక కనిపెట్టుకున్నారని మా అత్తగారు. నన్నడిగితే మగ్గాల షెడ్డులో పుట్టింది. అన్ని మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకే మా వాళ్ళు కనుబొమ్మలతో టీ అడుగుతారు, పెదవి విరుపుతో సెలవు అడుగుతారు, ఇంటికొచ్చాక కూడా మాటలు దండగనుకుంటారు.

నేను అదే మిల్లులో గుడ్డ తనిఖీ చేస్తాను. కింద దీపాలున్న బల్ల మీదుగా గుడ్డ లాగుతూ, తెగిన పోగులూ నూనె మరకలూ పట్టుకోవడం నా పని. అందుకే నాకు మనుషుల్లో కూడా తప్పులే కనిపిస్తాయని మా ఆయన అంటాడు. ఉన్నవి కనిపిస్తే నేనేం చెయ్యను?

మా నాన్న నేతగాడు, మా మామగారు మగ్గాలు బాగుచేసే మెకానిక్కు. ఇద్దరూ తల మీద జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ మూగాటలో జోడీ. ఆ జోడీ ఎక్కడ విడిపోతుందోనన్న భయంతోనే వియ్యమందుకున్నారని నా గట్టి అనుమానం. సంబంధం ఖాయం చేసుకున్నది ముక్కలు పంచుకుంటూనే. మమ్మల్నిద్దర్నీ కూడా అడిగారు లెండి, ఆట అయ్యాక.

డాక్టరు చూసి, మొహం నరం వాచిందనీ, పెద్ద పక్షవాతం కాదనీ, చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుందనీ, కొందరికి కాస్త వంకర ఉండిపోతుందనీ చెప్పాడు. కంట్లో చుక్కలు వేసి, పడుకునేటప్పుడు రెప్పకి పట్టీ అంటించమన్నాడు. అంతవరకూ మామగారు బాగానే ఉన్నారు. కొంప ముంచింది మా నాన్న.

సంగతి విని ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. మామగారు తలుపు తీశారు. మూతి కుడివైపుకి లాక్కుపోయి ఉంది. మా నాన్న ఆ మొహం చూశాడు, చెయ్యి దానంతటదే పైకి లేచింది, ముక్కు గోక్కున్నాడు. నేను వెనకే ఉన్నాను, ఎగతాళి అణువంత కూడా లేదు, ఉత్త అలవాటు. కాని మామగారు అది చూసి, తలుపు మూసేశారు.

ఆ రోజు నుంచి మెడలో మఫ్లరు, అది ముక్కు దాకా. ఎండ మాడ్చేస్తున్నా తియ్యరు. గోడ వైపు తిరిగి అన్నం తింటారు. మా నాన్న గొంతు వినపడితే వెనకగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంటారు. "ఆయనొక్కడు మాత్రం ఈ మొహం చూడటానికి వీల్లేదు," అన్నారు నాతో. ఊరంతా చూసినా ఫరవాలేదట, జోడీ చూడకూడదట. అంతకన్నా తిక్క ఉంటుందా అనుకున్నాను గాని, ఆయన మఫ్లరు ఇంకాస్త పైకి లాక్కోవడం చూశాక తిట్టబుద్ధి కాలేదు.

ఈలోగా క్లబ్బు నుంచి కబురొచ్చింది. వరసగా ఆదివారాలు ఖాళీగా ఉన్న కుర్చీని ఇంకొకరికి ఇచ్చేస్తారట. కబురు పంపింది రూల్సు బాబాయి. ఒకప్పుడు టైమాఫీసులో గుమాస్తా, రెండు నిమిషాలు ఆలస్యమైతే అరపూట జీతం కోసిన చెయ్యి. ఇప్పుడు ఆ చేతికి క్లబ్బు దొరికింది. నేను వెళ్ళి అడిగాను.

"బాబాయ్ గారూ, రాజుకి వేరే సైగ పెట్టొచ్చుగా? ఏముంది అందులో?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇదేమన్నా నిన్న మొన్న పుట్టిన ఆటనుకున్నావా అమ్మా? వేగులవాళ్ళు ఆడిన ఆట. ఒక్కో సైగ వెనకాల ఒక్కో ప్రాణం పోయింది."

"పోయినసారి జైల్లో పుట్టిందన్నారు?"

"మరి వేగులవాళ్ళు దొరికితే ఎక్కడ వేస్తారు? జైల్లోనే కదా."

ఆయన కాస్త మెత్తబడి తీర్పు చెప్పాడు. "మీ మామని వచ్చి ఆడమను, కాదనను. కాకపోతే చేతిలో రాజు లేని ప్రతిసారీ ఆ మూతి దొంగ సైగే. నేను అరవక తప్పదు. రూలు రూలే."

ఇంటికొచ్చి ఆ మాట చెబితే, మఫ్లరు లోంచి మామగారు, "కుర్చీ ఇచ్చెయ్యమను," అన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు. అత్తగారు కూడా ముట్టలేదు, పైకి మాత్రం ఆకలిగా లేదంది.

మర్నాడు మా నాన్న మిల్లులో నా బల్ల దగ్గరికొచ్చి, పనికిరాదని నేను పక్కన పడేసిన గుడ్డలోంచి ఒక నిలువు ముక్క అడిగి తీసుకున్నాడు. సాయంత్రం మా ఇంటికొచ్చి, గడియ పెట్టిన వెనకగది తలుపు ముందు నిలబడ్డాడు.

"బావా, నీ మొహం నేను చూడను. ఒట్టు. బల్లకి అడ్డంగా, తలలకి సరిపడా గుడ్డ కడతాం. చేతులు కనిపిస్తాయి, ముక్కలు కనిపిస్తాయి, మొహాలు కనిపించవు. జోడీ చూస్తేనే గదా అది సైగ? చూడకపోతే ఉత్త మొహం. మనిషికి మొహం ఉండకూడదని రూలు లేదుగా?"

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చింది.

"నీ మొహం కూడా నాకు కనపడదుగా?" అన్నారు మామగారు.

"కనపడదు."

"అయితే వస్తా."

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్ళాను. క్లబ్బంటే మిల్లు గేటు పక్కన రేకుల గది. ఒక బల్ల, కుర్చీలు, తలుపు సరిగ్గా పడని బీరువా. కిటికీ ఊచ నుంచి బీరువా పిడి దాకా తాడు కట్టి, దాని మీద నూనె మరకల గుడ్డ వేలాడదీశాడు మా నాన్న. అప్పటికే దాని వెనకాల కూర్చుని ఉన్నాడు. రూల్సు బాబాయి స్టూలెక్కి అటూ ఇటూ చూసి, గుడ్డ లాగి, తాడు లాగి, కాదనడానికి ఏమీ దొరక్క దిగాడు. ఆయన జోడీ బాయిలరు. బాయిలరు గదిలో పనిచేసి ఆ పేరు మిగుల్చుకున్న మనిషి, ఆట తప్ప ఇంకేదీ పట్టదు. నేను తలుపు దగ్గర కూర్చున్నాను.

రేకుల కింద ఉక్క మొదలైంది. కాసేపటికి మామగారు మఫ్లరు విప్పేశారు. గుడ్డ అవతల ఉన్నవాడికి ఎలాగూ కనపడదు. బాయిలరు ఆయన వైపు ఒకసారి చూసి, పంపకం వెయ్యడంలో పడ్డాడు. నాకు అంతకన్నా మంచి మర్యాద కనిపించలేదు ఆ గదిలో.

సైగల్లేకుండా మూగాట ఆడటమంటే చీకట్లో సూదికి దారం ఎక్కించడమే. ఒకరి ముక్కని ఒకరు కొట్టేసుకున్నారు. మా నాన్న పట్టు గెలిచేచోట మామగారు ఇంకా పెద్ద ముక్క వేసి పాడుచేశారు. గుడ్డకి చెరోవైపూ చెరొకరూ నిట్టూర్చారు. అలాగే పడుతూ లేస్తూ, ఎలా వచ్చారో గాని, చివరికి కండెలు సమానమయ్యాయి. బుట్టలో రెండే మిగిలాయి.

బాయిలరు పంచాడు. ముక్కలు చూసుకోగానే మా నాన్న బల్ల కొట్టాడు. రెండు కండెలూ ఈ పంపకానికే. ఈ గుడ్డ అడ్డంతో కూడా గెలిస్తే, మామగారి కుర్చీ జోలికి ఇక ఎవరూ రారు. నేను లేచి నిలబడ్డాను. పేకాట చూసి లేచి నిలబడే రకం కాదు నేను.

మామగారు తన మూడు ముక్కలు చూసుకున్నారు. తర్వాత గుడ్డ వైపు చూశారు. చాలాసేపు చూశారు, అవతల ఎవరన్నా ఉన్నారా లేరా అన్నట్టు. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆ కన్నెప్పుడూ కారుతూనే ఉంటుంది గనక, అది జబ్బో ఏడుపో నేను చెప్పలేను. చెయ్యి చాపి, గుడ్డ పక్కకి లాగేశారు.

మా నాన్న ఎదురుగా ఆయన మొహం. మూతి కుడివైపుకి, ఉన్నదున్నట్టు.

"దొంగ సైగ!" అని అరిచాడు రూల్సు బాబాయి. అరిచాక తనే కొంచెం జడిసినట్టు కనిపించాడు.

మామగారు ముక్కలు పరిచారు. కళావరు ఏడు, ఆఠీను నాలుగు, డైమను రెండు. ఇంతకన్నా చెత్త పేకలో వెతికినా దొరకదు.

మా నాన్న తన ముక్కలు బల్ల మీద విసిరికొట్టాడు. ఇస్పేటు ఆసు, ఇస్పేటు రాజు, దాంతోపాటు ఏదో. "రాజు నా దగ్గరే ఏడ్చింది కదయ్యా! గెలిచేవాళ్ళం! చేతిలో ఉన్న ఆట!"

"నాకెలా తెలుస్తుంది?" అన్నారు మామగారు. మాట ఒక పక్క నుంచి జారుతోంది. "నువ్వు కనపడితే గదా తెలిసేది. ఇందాకట్నుంచీ ఈ మరకల గుడ్డతో ఆడుతున్నాను. నావల్ల కాదు బావా. ఓడితే ఓడాం. చూడు, ఇదీ నా మొహం. చూసి ఏమనుకుంటావో అనుకో."

మా నాన్న చూశాడు. ముక్కు జోలికి పోకుండా రెండు చేతులూ కుర్చీ కింద పెట్టుకుని మరీ చూశాడు.

"ఎంత దరిద్రంగా ఉన్నావు బావా," అన్నాడు చివరికి.

"అంతకుముందు మాత్రం?"

"అంతకుముందూ అంతే. అప్పుడు రెండు వైపులా సమానంగా ఉండేది."

మామగారు నవ్వారు. సగం మొహమే నవ్వింది, నోట్లో ఉమ్మి ఎడమవైపు నుంచి కారింది. మా నాన్న లేచి వెళ్ళి, తన చొక్కా అంచుతో ఆ చుబుకం తుడిచాడు. ఇన్నేళ్ళ వియ్యంలో వాళ్ళు ఒకరినొకరు ముట్టుకోగా చూడటం నాకదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, తలుపు వైపు తిరిగి ఏడ్చాను.

ఓడినవాళ్ళు ఓడినట్టే. ఇద్దరూ చీపుళ్ళు పట్టుకున్నారు. "నువ్వు మూలలు వదిలేస్తున్నావు," "నువ్వు దుమ్ము నా మీద పోస్తున్నావు," అని గది ఊడ్చినంతసేపూ కొట్టుకున్నారు. మామగారి మఫ్లరు కుర్చీ మీదే ఉంది. రూల్సు బాబాయి మాత్రం ఇంటికి పోకుండా గుమ్మంలో చెప్పులేసుకుంటూ, విప్పుతూ, మళ్ళీ వేసుకుంటూ నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"అసలు సంగతేమిటంటే, పూర్వం రాజుకి సైగ గడ్డం పైకెత్తడం. మా ముత్తాత చెప్పేవాడు. రాజన్నవాడు గడ్డం ఎత్తుకునే కదా ఉంటాడు. ఈ మూతి తిప్పుడు మధ్యలో ఎవడో దూర్చాడు."

బాయిలరు తెల్లబోయాడు. "మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవరన్నా అడిగారా?"

మొన్న నేను అడిగాను. ఆయన నా వైపు చూడలేదు, నేను గుర్తుచెయ్యనూ లేదు. మామగారు చీపురు పట్టుకునే గడ్డం ఎత్తి చూశారు. బ్రహ్మాండంగా లేచింది.

మా నాన్న గ్లాసులు తొలుస్తూ అడిగాడు: "మీ ముత్తాత ఇంకేమన్నా చెప్పాడా?"

"చెప్పాడు," అన్నాడు రూల్సు బాబాయి. "వచ్చే ఆదివారం వేళకి రమ్మన్నాడు, ఇద్దర్నీ. గ్లాసులు అడుగు దాకా తోమమన్నాడు."