ఎడమ చెవి

చట్నీలో ఉప్పెక్కువైందని చెప్పిన నోటితోనే, పల్లెల్లో చెవుల సర్వేకు నన్ను పంపుతున్నట్టు కూడా చెప్పాడు మా ఆయన చెంగల్రాయుడు. "పేరు నాది, ఎండ నీది" అని నవ్వాడు.

మేమిద్దరం చెవి, ముక్కు, గొంతు డాక్టర్లమే. ఒకే కాలేజీలో చదివాం. మదనపల్లెలో మా నర్సింగ్ హోం బోర్డు మీద అతని పేరు పెద్దది, నాది దాని కింద చిన్నది. పొద్దున వంట, తర్వాత ఓపీ, మళ్ళీ వంట. "డాక్టరైతే ఏం, పొయ్యి కాడికి రావాల్సిందే గదా" అనేది మా అత్త నాగరత్నమ్మ. పెళ్ళయిన కొత్తలో పేషెంటు ముందు అతని మాటకు ఎదురు చెప్పానని, ఓపీ మూశాక వీపు మీద కొట్టాడు. ఆ తర్వాత కొట్టడం అతనికి అలవాటైంది. కనిపించే చోట మాత్రం కొట్టేవాడు కాదు. డాక్టరు కదా.

అది 2004. ఎంతమందికి వినపడదు, ఎందుకు వినపడదు అని వేలాదిమందిని చూసే పెద్ద సర్వే అది. కారణం తేల్చడం ఇంటింటికీ తిరిగే సర్వే కుర్రాళ్ళ వల్ల కాదు, చెవి డాక్టర్లే స్వయంగా చూడాలన్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతానికి అతన్ని చీఫ్ ఎక్స్‌పర్టుగా వేశారు. ఊళ్ళు తిరిగి చెవులు చూసేది నేను. నేను చెప్పిన కారణాన్ని ఖాయం చేసేది అతను.

చౌడేపల్లె పక్క ఊళ్ళో, బడి గదిలో, నా ముందు బుజ్జమ్మ కూర్చుంది. డెయిరీలో పాలు పోసి నేరుగా వచ్చింది. నేను మాట్లాడినప్పుడల్లా కుడి చెవి నా వైపు తిప్పుతోంది. ఎడమ చెవిలోకి చూశాను. కర్ణభేరికి చిల్లు పడింది.

"ఎప్పటినుంచి వినపడదు?"

"గంగజాతర కాడి నుంచి."

"చీము కారేదా?"

"చీము లేదు గీము లేదమ్మా. మా ఆయప్ప కొట్టినాడు. గుయ్యిమనింది. అంతే."

వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. వాకిట్లో నిలబడిన ఆమె మొగుడు గంగులప్ప, "నీళ్ళు దూరినాయి డాక్టరమ్మా, అదేందో వాగతాండాది" అన్నాడు.

"నీళ్ళు యాడివి? నువ్వు కొట్టిందే" అంది బుజ్జమ్మ, గొంతు పెంచకుండానే.

అతను లోపలికొచ్చి ఆమె జుట్టు పట్టి లాగాడు. ఆమె తల బెంచీ మూలకు తగిలింది. వరండాలోకి ఈడ్చి కడుపులో తన్నాడు. నేను అడ్డం పోయాను. అతని మోచెయ్యి నా నోటికి తగిలింది. మా డ్రైవరూ ఊళ్ళోవాళ్ళూ కలిసి అతన్ని పట్టుకున్నారు. "నా పెండ్లాన్ని నేను కొట్టుకుంటే నీకేంది?" అని అరిచాడు. నోట్లో నెత్తురు ఉప్పగా తగులుతోంది. మా ఇంట్లో ఆ మాట అడగాల్సిన అవసరం కూడా ఎవరికీ రాలేదు, ఎందుకంటే అక్కడ అడ్డం వచ్చినవాళ్ళే లేరు.

బెంచీ తగిలి చిట్లిన కనుబొమ్మకు నేను కుట్లు వేస్తుంటే బుజ్జమ్మ అడిగింది. "ఏమని రాస్తావమ్మా?"

"దెబ్బ వల్ల అని."

"రాయి. ఉన్నదే గదా."

ఆ తర్వాత మగవాళ్ళను బయట ఉంచి ఆడవాళ్ళను చూడడం మొదలుపెట్టాను. పుంగనూరులో, బైరెడ్డిపల్లెలో, కుప్పం పల్లెల్లో చాలామంది నోట అదే మాట విన్నాను, మొగుడు కొట్టాడని. దాదాపు అందరికీ ఎడమ చెవే. కుడిచేత్తో కొట్టేవాడికి ఎదురుగా దొరికేది ఎడమ చెంపే కదా.

సర్వే లెక్కలు అప్పజెప్పే కుప్పం మీటింగుకు ముందురోజు సాయంత్రం, చపాతీ పిండి కలుపుతుంటే చెంగల్రాయుడు వంటింట్లోకి వచ్చాడు.

"నువ్వు దెబ్బలన్నవన్నీ చీము అని మార్చినాను. రేపు పెద్దోళ్ళు వస్తాండారు. నోరు తెరవద్దు."

"ఆ చెవులు చూసింది నేను. మీరు చూడలేదు."

"చీఫ్ ఎవురు?"

"చెవి చూడకుండా కారణం చెప్పేవాడు ఏం ఎక్స్‌పర్టు?"

మొదటి దెబ్బకు పొయ్యి గట్టు మీద పడ్డాను. జడ పట్టి లేపి, అదే చెంప మీద మళ్ళీ కొట్టాడు. నర్సింగ్ హోం వైపున్న ముందు గది నుంచి మా అత్త గొంతు వినిపించింది. "తలుపేసుకోండప్పా, పేషెంట్లుండారు."

ఎడమ వైపు లోకం మూసుకుపోయింది. చెవిలో వెచ్చగా తడి. నేలమీద కూర్చుని, ఏడవడానికి ముందే, నాకేమైందో డాక్టరుగా నేనే తేల్చుకున్నాను.

మర్నాడు కారులో అతను ఒకే మాట అన్నాడు. "చెవి మీదికి కొంగు కప్పుకో."

కుప్పంలో హాలు నిండా డాక్టర్లే. సర్వే పెద్ద గోవిందస్వామి గారు, తలనెరిసిన చెవి డాక్టరు, మధ్యలో కూర్చున్నారు. చెంగల్రాయుడు లేచి, "ఈ పక్క ఆడోళ్ళకు ఎక్కువగా చీము వల్లే సార్" అని మొదలుపెట్టాడు.

నేను లేచాను. బల్ల మీదున్న, చెవిలోకి చూసే ఆటోస్కోపు తీసి గోవిందస్వామి గారి చేతికిచ్చి, ఆయన ముందు కుర్చీలో పక్కకు తిరిగి కూర్చుని కొంగు తీశాను.

"ఈ కేసుకు కారణం మీరే చెప్పండి సార్."

ఆయన చాలాసేపు చూశారు. "అంచులు సీలినట్టుండాయి. నెత్తురింకా ఆరలేదు. చీము కాదమ్మా ఇది" అని, ఆటోస్కోపు దించి మెల్లగా అడిగారు. "ఎవురు కొట్టినారు?"

"మీ చీఫ్ ఎక్స్‌పర్టు సార్."

వెనక వరసలో ఎవరో, "ఇది చెవుల సర్వే, కాపురాల సర్వే కాదు గదా" అన్నారు. గోవిందస్వామి గారు ఆయన వైపు తిరిగారు. "చెవి ఏల పోయిందో అడిగేదే సర్వే. కూర్చోప్పా." చెంగల్రాయుడు నా భుజం పట్టుకుని, "ఇంటికి పోయి మాట్లాడుకుందాం పద" అన్నాడు. ఆ చెయ్యి తీసేశాను. పది మంది చూస్తుండగా మళ్ళీ వెయ్యడానికి అతనికి ధైర్యం చాలలేదు. నేను దెబ్బలన్న కేసులన్నీ అతను చీము అని మార్చిన సంగతి గోవిందస్వామి గారికి చెప్పాను.

"మార్చిన కేసులన్నీ మళ్ళా సూడాల. ఎవురు పోతారు?" అన్నారు గోవిందస్వామి గారు.

"నేను పోతాను సార్. చౌడేపల్లెకు, బైరెడ్డిపల్లెకు, మీరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి" అన్నాను. "మదనపల్లెకు మాత్రం పోను."