ఒంటికాలి గెంతు

కాసేపట్లో హర్డిల్స్ పోటీ. బడి మైదానం పక్కనున్న ఆటసామాన్ల గదిలో అక్క చెల్లెల్ని నిలబెట్టి, ఎడమకాలి మీద ఒక్కసారి గెంతి చూపించమంది. చెల్లి గెంతింది. పాదం నేలకు ఆనగానే మొహం పాలిపోయి గోడ పట్టుకుంది. పైగా, గెంతానుగా అని దబాయింపు.

అక్కకు ఒళ్ళు మండిపోయింది. ఆ దబాయింపు ఎవరి పోలికో ఆమెకు తెలుసు. ఆ వయసులో తనూ ఇక్కడే దూకేది. మోకాలి కింద ఎముక నొప్పి పెడుతోందంటే ఆటల మాస్టారు చల్లటి స్ప్రే కొట్టి పంపించాడు. లోపల సన్నటి పగులుందని స్ప్రేకేం తెలుసు? దూకి దిగేసరికి ఎముక ఫెళ్ళుమంది. ఇప్పుడు కాల్లో రాడ్డు, నడకలో కుంటు, అదే బళ్ళో బంతులకు గాలి కొట్టే ఉద్యోగం.

చెల్లికీ అక్కడే నొప్పి మొదలయ్యాక అక్క మాస్టారి కాళ్ళావేళ్ళా పడింది. కొన్నాళ్ళు దూకించొద్దు, గట్టినేల మీద పరిగెత్తించొద్దు, డాక్టరుకు చూపిద్దాం అని. నువ్వు కుంటిదానివైతే లోకమంతా మంచమెక్కాలా అని ఆయన నవ్వేశాడు. మహానుభావుడు!

ఆ మహానుభావుడే ఇప్పుడు స్ప్రే డబ్బాతో లోపలికొచ్చాడు. చెల్లి ఆశగా కాలు చాపింది. అక్క డబ్బా లాక్కుని గోడకేసి కొట్టింది. మాస్టారు ఆమె చెయ్యి మెలిపెట్టి అలమారలోకి తోశాడు. బంతులన్నీ దొర్లిపడ్డాయి, అలమార అంచు తగిలి నుదురు చిట్లింది. నెత్తురు కంట్లోకి కారుతుండగానే అక్క చేతికందిన హర్డిల్ అడ్డకర్ర తీసి ఆయన మోచేతి మీద ఒక్కటిచ్చింది. ఇన్నేళ్ళ కసి అందులో ఉంది. ఆయన అరుస్తూ గడప అవతల పడ్డాడు. అక్క గడియ పెట్టేసింది.

అప్పుడు చెల్లి అక్క మీద పడింది. జుట్టు పట్టుకుని లాగింది, రక్కింది, మొహం మీద గుద్దింది. ఈ పోటీ గెలిస్తే పెద్ద జట్టులో చోటు. దానికోసం పిల్ల తిండీ నిద్రా మానుకుంది.

"నీ కాలు పోయిందని నా మీద ఏడుస్తున్నావే నువ్వు!" అంటూ ఎడమకాలితో అక్క డొక్కలో తన్నింది.

తన్నులు తిన్నది అక్క. కేక పెట్టింది మాత్రం చెల్లి. కాలు పట్టుకుని చుట్టచుట్టుకుపోయింది. అయినా ఊరుకుందా? నేల మీద పాకుతూ తలుపు వైపు వెళ్ళబోయింది. అక్క ఆమె మీద పడి, నడుం చుట్టూ చేతులు బిగించేసింది. చెల్లి ఆ ముంజేతిని నెత్తురొచ్చేలా కొరికింది. బయట మాస్టారు తలుపు బాదుతున్నాడు.

మైదానంలో పోటీ మొదలుపెట్టే పిస్తోలు పేలింది. జనం అరుపులు. చెల్లి పళ్ళు వదిలేసి వెక్కివెక్కి ఏడ్చింది.

"చచ్చినా నీతో మాట్లాడను."

"మాట్లాడకు," అంది అక్క రొప్పుతూ. "రేపు కాలు బాగయ్యాక, నా మొహం చూడకుండా చరచరా నడిచి వెళ్ళిపో. ఆ నడక చూస్తే చాలు నాకు."

ఇంతా అన్నాక కూడా పట్టు వదల్లేదు. ఇంకో పోటీ ఉందేమోనని ఆమె భయం.