లువో కత్తికి చుట్టిన టేపు

మా ఫెన్సింగ్ జట్టులో ఎవడు ఓడాలో నోటితో చెప్పరు. ఓడాల్సినవాడి కత్తిని రిపేరు గది నుంచి తిరిగిచ్చేటప్పుడు, పిడికి ముందుండే గిన్నె లోపల, పోటు తగిలితే దీపం వెలిగించే వైరు దగ్గర, ఒక చుట్టు తెల్ల టేపు వేసి ఇస్తారు. పట్టుకున్నవాడికి తప్ప అది ఇంకెవడికీ కనపడదు. చూసినవాడు నోరు మూసుకుని ఓడి వస్తాడు. ఎవరినీ అడగడు. అడిగితే లీడరు "ఏం టేపు?" అంటాడు. ఓడినవాణ్ణి తర్వాత ఎప్పుడో ఏదో ఒక మేలు చేసి చూసుకుంటారని అందరి నమ్మకం.

ఆ టేపు చుట్టేది నేను. పదకొండో ఏట నన్ను మామూలు బడి మాన్పించి క్రీడల బడిలో వేశారు. పొద్దున కత్తి, సాయంత్రం కత్తి, మధ్యలో ఒక గంట చదువు. ఆ గంటా బల్ల మీద తల పెట్టి నిద్రపోయేవాళ్ళం. ఆడటం అయిపోయాక కత్తులు బాగుచెయ్యడం ఒక్కటే నాకు మిగిలింది.

లువో షాన్‌హే పేరు వినే ఉంటారు. ఫాయిల్ అనే సన్నకత్తి ఆటలో మా ప్రావిన్స్ నుంచి అంతవాడు రాలేదు. ఆసియా బంగారం, ప్రపంచ కప్పుల్లో నాలుగు పతకాలు. ఇటలీ వాళ్ళు వాడి ఎడమచేతి వాటాన్ని వీడియో తీసుకుపోయి మరీ చూసుకునేవాళ్ళు. వాడి పేరు మొదలైంది మాత్రం పదహారేళ్ళ కిందటి జాతీయ క్రీడల్లో. వాడికి అప్పుడు పంతొమ్మిది. ముందుగా పదిహేను పోట్లు పొడిచినవాడిదే గెలుపు; సెమీఫైనల్లో పదిహేను పదకొండుతో నన్ను ఓడించాడు.

ఆ రోజు నా కత్తి గిన్నెలో టేపు ఉంది.

ఆ సంగతి వాడికి తెలియదు. మర్నాడు పేపరువాళ్ళతో, "గెంగ్ అన్న పొడవబోయే ముందు కుడి భుజం పైకి లేస్తుంది. అది కనిపెట్టాను, అంతే" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పదహారేళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకాయకీ అదే పాఠం చెబుతున్నాడు. నేను పక్కగదిలో కూర్చుని మొనలకు స్ప్రింగులు వేస్తూ నా భుజం గురించి వింటుంటాను. నన్ను చూసుకుంటారని మూడేళ్ళు ఎదురుచూశాను. చివరికి ఇచ్చింది ఈ స్టూలూ, స్క్రూడ్రైవరూ.

ఈసారి జాతీయ క్రీడల నాటికి లువోకి ముప్ఫై అయిదు. మోకాలికి రెండు ఆపరేషన్లు. ఇదే ఆఖరని అందరికీ తెలుసు. జట్టులో పర్మనెంటు కోచ్ పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. అది వస్తే క్వార్టర్స్ వస్తుంది, కూతురికి ఊళ్ళో మంచి బళ్ళో సీటు వస్తుంది. లేకపోతే భార్యాబిడ్డలతో ఊరవతల అద్దెగదే. "బంగారం పట్టుకురా, కాగితం నా బల్ల మీదే ఉంది" అని లీడర్ హౌ వాడితో అందరి ముందూ అన్నాడు.

సెమీఫైనల్లో వాడికి ఎదురుపడింది మా జట్టు కుర్రాడే, కోంగ్ రుయి. ఇరవై ఏళ్ళవాడు, నోటి దురుసు. ఆటకు గంట ముందు లీడర్ హౌ టీ సీసా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"కోంగ్ కత్తి ఒకసారి చూడు" అన్నాడు.

"చూస్తాను లీడర్‌గారూ."

అంతే మాట. కుర్రాడు ఓడాలి, లువో ఫైనల్‌కి వెళ్ళాలి. ఆయన వెళ్ళిపోయాక టేపు చుట్ట తీసుకున్నాను. రెండు కత్తులూ నా ముందే ఉన్నాయి. లువో కత్తికి చుట్టాను.

కత్తి తీసుకున్న లువో గిన్నెలోకి చూసి అలాగే నిలబడిపోయాడు. తర్వాత నా దగ్గరికి వంగాడు.

"అన్నా, ఇది నాదేనా?"

"నీ పేరు చెక్కి ఉంది కదరా."

"పొరపాటున గానీ..."

"నేను ఎప్పుడైనా పొరపాటున చుట్టానా?"

వాడు హాలు అవతలికి చూశాడు. లీడర్ హౌ వాడివైపే చూస్తున్నాడు. అంతా ఏర్పాటు చేశాననే ధీమాతో నవ్వి తల ఊపాడు. లువో కూడా తల ఊపాడు. ఇంకేమీ అడగకుండా ముసుగు పెట్టుకున్నాడు.

ఓడటంలో కూడా వాడు మొనగాడేనని చెప్పాలి. పన్నెండు తొమ్మిది దాకా ముందున్నాడు. ఆ తర్వాత అడుగు రవ్వంత ఆలస్యంగా వెయ్యడం మొదలుపెట్టాడు. చూసేవాళ్ళకి మోకాలు మొరాయించిందనిపిస్తుంది. కోంగ్ వరసగా ఆరు పొడిచాడు. ఆరో పోటుకు దీపం వెలగగానే మోకాళ్ళ మీద జారుతూ అరిచాడు. లేచి, చెయ్యి కలుపుతూ, "ఏం తాతా, ఇంటికెళ్ళి కాళ్ళు పట్టించుకో" అన్నాడు.

లువో వాడి భుజం తట్టాడు. కుర్రాడికి తెలియదులే అన్నట్టు. నాకు అంత హాయి పదహారేళ్ళలో ఎప్పుడూ కలగలేదు.

లీడర్ హౌ మొహం మాడ్చుకుని నా దగ్గరికి వచ్చాడు.

"కోంగ్ కత్తి చూశావా?"

"చూశాను."

ఆయన పళ్ళు కొరుక్కున్నాడు. కుర్రాడు మాట వినలేదనుకున్నాడు. వాణ్ణి పిలిచి నిలదీసేవాడే, కానీ సాయంత్రం ఫైనల్లో కోంగ్ బంగారం కొట్టాడు. బంగారం కొట్టినవాణ్ణి ఎవడు అడుగుతాడు? ఫోటోల్లో లీడరే వాడి మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లువోకి మిగిలింది కంచు.

ఇంటికొచ్చాక లువో ఎదురుచూడటం మొదలుపెట్టాడు. టేపుకు తల వంచినవాడికి ఏదో ఒకటి చేస్తారు కదా. పదిరోజులకోసారి లీడరు గదికి పళ్ళబుట్ట తీసుకెళ్ళేవాడు. ఒకరోజు కత్తులు అప్పజెప్పడానికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను.

"నా సంగతి ఏమైనా..." అన్నాడు లువో.

"ఏం సంగతయ్యా? పన్నెండు తొమ్మిదిలో ఉండి ఓడావు. ముసలాడివయ్యావు, ఒప్పుకో. పోస్టు పతకానికి ఇస్తారు గానీ పళ్ళకు ఇవ్వరు" అన్నాడు లీడరు. ఆయన నటించలేదు, నిజంగానే అన్నాడు.

లువో నవ్వి బుట్ట బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు. నాతో పాటు రిపేరు గది దాకా నడిచాడు.

"చూశావా అన్నా, ఎంత గట్టివాడో. నా ఎదుట కూడా ఒప్పుకోలేదు. అంటే లోపల పని జరుగుతున్నట్టే."

"అంతే మరి. పైకి చెబుతాడా?" అన్నాను.

ఆ పోస్టులో కోంగ్ గురువుగారి తమ్ముణ్ణి వేసి అప్పటికి మూడు వారాలు. కాగితం మీద ఎర్ర ముద్ర నా కళ్ళతో చూశాను. ఇంకా పైకి ప్రకటించలేదంతే.

వాడు నా ఎదురుగా ఉన్న పెట్టె మీద కూర్చున్నాడు. జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి నాకు సగం పోశాడు.

"దక్షిణాన ఒక క్లబ్బువాళ్ళు పిలుస్తున్నారు. డబ్బున్నవాళ్ళ పిల్లలకి నేర్పాలి. ఇల్లు ఇస్తారట, పిల్లకి బడి కూడా వాళ్ళే చూస్తారట. ఈరోజే చెప్పమంటున్నారు. ఇంట్లో మా ఆవిడ వెళదామని పోరుతోంది. నువ్వేమంటావు?"

నేను గింజ కొరికి పొట్టు ఉమ్మాను. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు. జట్టులో వాడు సలహా అడిగే మనిషిని నేనొక్కణ్ణే.

"వెళ్ళొచ్చు. కాకపోతే నువ్వు ఊరు దాటిన మర్నాడు కాగితం వస్తే? ఇంకొకడికి ఇచ్చేస్తారు. ఇన్నాళ్ళు ఆగావు" అన్నాను.

"అదే నేనూ అనుకుంటున్నాను."

"నీ ఇష్టం."

లువో ఫోన్ తీశాడు. నా ఎదుటే వాళ్ళకు చేసి, చాలా మర్యాదగా, మా జట్టు నన్ను వదలదండీ, ఏమనుకోకండి, ఇంకెవరినైనా చూసుకోండి అని చెప్పాడు. అవతలివాళ్ళు ఇంకోసారి అడిగినట్టున్నారు. లేదండీ, ఖాయం అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని తేలిగ్గా ఊపిరి వదిలాడు. భార్యకు ఎలా చెప్పాలో నన్నే అడిగాడు. చెప్పాను.