లోపలి గదిలో ఊఁ

ఊఁ కొట్టడంలో ఆ అమ్మాయిని మించినవాళ్లు లేరు. ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసిన క్లాసు, ఒక చెవిలో పాట, చేతిలో ఫోను, ఫోనులో స్నేహితుల గ్రూపు, ఒళ్లో నోట్సు. ఇవన్నీ చాలవన్నట్టు ముందుగదిలోంచి తల్లి గట్టిగా చదివే పాఠం. అన్నిటికీ కలిపి ఒకటే జవాబు: ఊఁ.

"ఒక్క పనైనా తిన్నగా చెయ్యవే!" అని తల్లి మొత్తుకుంటే, "అన్నీ ఒకేసారి అయిపోతాయమ్మా, నీకు తెలీదు" అనేది. అయ్యేవి కాదు. నర్సింగ్ ఆఖరి ఏడాదిలో మందుల నోటిపరీక్ష అప్పటికే ఒకసారి తప్పింది. శుక్రవారం రెండోసారి. ఇదీ పోతే పేరు కొట్టేస్తామని కాలేజీవాళ్లు ఇంటికి కాగితం పంపారు.

ఆ కాగితం చూశాక తల్లికి తిండి సయించలేదు. ఆవిడ ఆస్పత్రివాళ్లు వేసుకునే కోట్లు కుడుతుంది. రోజూ మధ్యాహ్నం మిషను ఆపి, పుస్తకం పట్టుకుని, నోరు తిరగని మందుల పేర్లు కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. ఆవిడకీ కూతురికీ మధ్య గుమ్మానికి ఒక తెర. తెర అవతల ఊఁ వినబడితే చాలు, పిల్ల బుర్రకెక్కుతోందని సంబరం. పిచ్చి తల్లి!

సోమవారం మధ్యాహ్నం, కింద సిగ్నల్ సరిగా లేదని, అమ్మాయి పెరటి గుమ్మంలోంచి చప్పుడు కాకుండా మేడమీదికి వెళ్లింది. అరగంట తర్వాత దిగి వస్తూ తన గది కిటికీ దగ్గర ఆగిపోయింది. ముందుగదిలో తల్లి ఇంకా చదువుతూనే ఉంది. తన గదిలోంచి ఎవరో ఊఁ అన్నారు. అది తన గొంతే.

కిటికీలోంచి తొంగి చూస్తే కుర్చీ ఖాళీ. లోపలికి వెళ్లి చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. నోట్సులో కొత్తగా అరపేజీ, తన దస్తూరీలోనే, తాను ఎన్నడూ రాయనంత కుదురుగా రాసి ఉంది.

ఇంకొకరైతే కేకపెట్టి వీధిలోకి పరుగెత్తేవాళ్లు. ఈ మహాతల్లి ఏం చేసిందో తెలుసా? మంచం కింద, తలుపు వెనక వెతికింది. అంతలో ఫోను మోగింది, ఎవరో ఏదో జోకు పంపారు, నవ్వుకుంది. వినేవాళ్లెవరో వింటున్నారు, రాసేవాళ్లెవరో రాస్తున్నారు, మధ్యలో నాకేం పోయింది అనుకుంది! మంగళ, బుధ, గురువారాలు ఆ వేళకి మేడమీదే గడిపింది. కింద ఊఁ కాస్తా "ఊఁ, తర్వాత?" అయింది. గురువారానికి "అమ్మా, ఆ ముక్క మళ్లీ చదువు" అయింది.

"ఈ నాలుగు రోజులూ ఎంత శ్రద్ధగా విన్నావే నా బంగారం!" అని ఆ సాయంత్రం తల్లి కళ్లు తుడుచుకుంది. అమ్మాయి చూపు తిప్పుకుని ఫోను తెరిచింది. పోనీలే, నోట్సు నిండింది కదా, పొద్దున్నే ఒకసారి తిరగేస్తే సరి అనుకుంది. పొద్దున తెరిచి చూస్తే పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

పరీక్ష గదిలో కళ్లద్దాల మేడమ్ నెమ్మదిగానే అడిగింది.

"డిగాక్సిన్ ఇచ్చే ముందు ఏం చూస్తావు?"

ఆ పేరు దగ్గర తల్లి నాలుక ఎన్నిసార్లు మడతపడిందో గుర్తుంది. ఆ తర్వాత ఆవిడ చదివిందేమిటో గుర్తులేదు. తెలీదండీ అని చెప్పేద్దామని నోరు తెరిచింది.

"ఊఁ."

"ఏంటమ్మా?"

"ఊఁ."

నీళ్లు తాగింది. ఎంత గింజుకున్నా ఇంకో మాట పెగల్లేదు. మేడమ్ జాలిగా చూసి, కాగితం మీద ఆమె పేరుకి అడ్డంగా గీత గీసింది.

ఏడుస్తూ నడిచింది. ఇంటి దగ్గరికి వచ్చాకగానీ గొంతు తెరుచుకోలేదు. అమ్మ కాళ్లు పట్టుకుని ఉన్నదంతా చెప్పేయాలి, తిట్టినా సరే, కొట్టినా సరే అనుకుంటూ గుమ్మంలో అడుగుపెట్టింది.

తల్లి మిషను మీద కాలరు కుడుతోంది. ముఖం వెలిగిపోతోంది. తెర వెనకనుంచి కూతురి గొంతు హుషారుగా చెబుతోంది.

"మొదటిది డిగాక్సినే అడిగారమ్మా. నిమిషం పాటు పూర్తిగా నాడి చూస్తాను, అరవైకి తగ్గితే మందు ఆపి డాక్టరుకి చెబుతాను అన్నాను. మేడమ్ శభాష్ అంది!"

"నా తల్లే! తర్వాత?"

"అమ్మా," అంది అమ్మాయి గుమ్మంలోంచి. "అమ్మా, నేనమ్మా. నేను తప్పాను. లోపలున్నది నేను కాదమ్మా, ఒక్కసారి ఇటు చూడవే!"

తల్లి తల తిప్పలేదు. చూపు సూది మీద ఉంది, చెవులు తెర వైపు ఉన్నాయి.

"ఊఁ," అంది.